శివారు వంతు

పాలకొల్లులో జిలానీ కొట్టు.
అద్దం వెనక ఎనిమిది కొమ్ముల రౌటరు
వెల్లకిలా పడ్డ పీతలా ఉంది.
ఐదువేల ఆరువందలు.
నా జేబులో, రొయ్యల మేత బస్తాలు మోసిన
పదహారువందలు.

"ఇది పెట్టావంటే ఆటలో నీకు ఎదురుండదు" అన్నాడు.
ఎదురెవరో తెలిస్తే కదా.
రాత్రి తొమ్మిదయ్యేసరికి
పక్కగదిలో అక్క సీరియలు,
కింద వాటాలో ఎవరిదో పెళ్లి వీడియో,
నేను తుపాకీ ఎత్తేలోపే
చచ్చిపోయానని కబురు.

ఏసుపాదం మావ
ముప్పయ్యేళ్లు లాకు లస్కరు.
బీపీ మాత్రలకని బజారుకొచ్చి
ఊరికే నా పక్కన నిలబడ్డాడు.
ఆ పెట్టెను వేలితో తట్టి
ఒక్కటే అడిగాడు:
"కాలవ వెడల్పు సంగతి కాదబ్బాయ్,
శివారు చేనుకి వంతు అందుద్దా?"

జిలానీ నవ్వబోయి ఆగాడు.
అడుగు అరలోంచి
రెండు కొమ్ములది తీసి దుమ్ము ఊదాడు.
ఇందులో వంతులు పెట్టుకోవచ్చట,
ఏది ముందు పోవాలో, ఏది కాసేపు ఆగాలో.
పదమూడువందల యాభై.
మిగిలినదానికి పదిహేను గజాల తీగ.
"గాలిలో వచ్చేది గాలికే పోద్ది"
అదీ మావ మాటే.

తీగ అక్క మంచం కిందుగా
బియ్యం డబ్బా చుట్టు తిరిగి
నా బల్ల దాకా పారింది.

తొమ్మిదైంది.
సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు.
పింగు నూట ఎనభై నుంచి
ముప్పై నాలుక్కి దిగి నిలిచింది.

మొదటి ఆటలోనే చచ్చాను.
ఈసారి మాత్రం
కాల్చినవాణ్ణి చూశాను.