ఫోర్ ట్వంటీ డిస్కు

మూతకి నాలుగు స్క్రూలుండాలి.
మూడే ఉన్నాయి.
నాలుగోది ఆనాడే నాగుల్ మీరా జేబులోకి పోయుంటుంది.
"మళ్లీ ఎలాగూ తెరుస్తాంగా" అనేవాడు
మూడింటితోనే బిగించేసి.

తెరవగానే తుమ్ము.
గుంటూరులో ఏ పాత పెట్టె తెరిచినా అంతే.
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి నూగు,
పవర్ సప్లై జల్లెడలో ఇరుక్కున్న మిరపగింజ.
యార్డు నుంచి వచ్చి నాన్న చొక్కా తగిలించే మేకు
సరిగ్గా దీని నెత్తిమీదే ఉండేది.

అంతకుముందు పొగాకు కంపెనీలో ఉండేదట.
వేలంలో పదకొండు వేలు.
ఆ రాత్రి అమ్మ అన్నం వడ్డించింది గాని
కూరేమిటో చెప్పలేదు.
రిక్షాలో బ్రాడీపేట దాకా
మానిటర్‌ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకొచ్చాడు నాన్న,
సీపీయూ కాళ్ల దగ్గర.

ఫోర్ ఎయిటీసిక్స్, డీఎక్స్ టూ.
ముందువైపు పచ్చటి అంకెల్లో అరవై ఆరు,
టర్బో బటన్ నొక్కితే ముప్పై మూడు.
నాన్న ముప్పై మూడు మీదే ఉంచేవాడు,
కరెంటు ఆదా అని.

హార్డ్ డిస్కు నాలుగువందల ఇరవై ఎంబీ.
వీధంతా నవ్వింది.
"గుమాస్తాగారింట్లో ఫోర్ ట్వంటీ!"
నాన్న కూడా నవ్వాడు,
కాస్త ఆలస్యంగా.

మెమరీ నాలుగు ముక్కలు.
ఒక్కటి అలిగినా మిగతా మూడూ లేవవు,
నల్ల తెర, పొడుగాటి కూత.
అప్పుడు మీరా వాటి బంగారు పళ్లని
పెన్సిల్ రబ్బరుతో రుద్దేవాడు.
ఆ రబ్బరు నాది,
అరటిపండు వాసనది.
ఇప్పుడు ముక్కలు బయటికి తీసి
వాసన చూశాను.
లేదు. ఎందుకుంటుంది?

బ్యాటరీ కారి బోర్డు మీద పచ్చగా పాకింది.
నిమ్మచెక్కతో తుడిచాను,
తరవాత స్పిరిట్,
తరవాత డాబా మీద ఎండ.
ఆవకాయంత ఓపిక పట్టింది.

ఇక డిస్కు సంగతి.
బ్యాటరీ చస్తే తన పొట్ట కొలత తనకే గుర్తుండదు దీనికి.
మూత లోపలివైపు మార్కర్‌తో, మీరా చేతిరాత:
సిలిండర్లు 826
హెడ్లు 16
సెక్టార్లు 63
కింద ఇంకో ముక్క —
"నేను లేకపోయినా ఇది కొట్టండి."

కొట్టాను.

స్టెబిలైజర్ గురక. మానిటర్ ఒళ్లు విరుచుకున్న చప్పుడు.
చుక్కల్లో వెలుగు.
నాలుగువేల తొంభై ఆరు దాకా
ఒకటో ఎక్కంలా లెక్కపెట్టుకుంది,
ఒక చిన్న బీప్.
తేదీ మాత్రం
ఒకటి, ఒకటి, ఎనభై.
పోనీలే అనుకున్నాను.

డిస్కులో నాన్న ఫైలు ఒక్కటే.
అంత చోటులో
మూడు కేబీలు.
పాల లెక్క. గ్యాస్ బండ. నా ట్యూషన్ ఫీజు.
అన్నిటి ఎదురుగా "చెల్లు".
చివరి వరుస ఎదురుగా లేదు:

మీరా — మానిటర్ రిపేరు — 350 —

గీత తరవాత కర్సర్ కొట్టుకుంటోంది,
ఎవరో గుమ్మంలో నిలబడి
పిలవాలా వద్దా అనుకుంటున్నట్టు.

యంత్రం లెక్క ప్రకారం
ఇది ఎనభయ్యో సంవత్సరం.
మానిటర్ పుట్టలేదు, పాడవలేదు,
నాన్నకి ఇంకా పెళ్లి కాలేదు,
ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేరు.
అలా వదిలేయొచ్చు.

డేట్ అని కొట్టి
ఇవాళ్టి తేదీ ఇచ్చాను.
మారు మాట్లాడకుండా తీసుకుంది.

స్విచ్ ఆపితే మళ్లీ మరిచిపోతుంది.
అందుకే ఆపకుండానే
చెప్పులేసుకున్నాను.
నాలుగో లైన్లో ఆయన కొట్టున్నచోట
ఇప్పుడు ఫోన్ కవర్లమ్ముతున్నారు.
అడిగితే
ఎవరో ఒకరు చెప్పకపోరు.