మరీ శుభ్రమైన చీకటి

సిరొంచలో, కిరాణా కొట్టు మీది గదిలో
నేను ఆకాశం వండుతుంటాను.
ఇంకా పైకి పోని టెలిస్కోపు
ఇంకా తియ్యని ఫోటోలు.
పది నిమిషాల ఎక్స్‌పోజర్ ఒక్కటి కట్టడానికి
నా పాత లాప్‌టాప్ రెండు గంటలు మూలుగుతుంది.

ముందు చుక్కలు చల్లుతాను.
అద్దం ఏ చుక్కనూ చుక్కగా ఉండనివ్వదు, కాస్త అలుకుతుంది;
ఎంత అలకాలో నాకొక పట్టిక ఇచ్చారు.
తర్వాత చెడగొట్టడం:
చచ్చిన పిక్సెళ్లు, ఆరకుండా మండే పిక్సెళ్లు,
ఎక్కడినుంచో వచ్చిన కాస్మిక్ కిరణం గీరిపోయిన గీత.

"జీతమిచ్చి ఏం చేయిస్తరే నీతోని?"
కింద లచ్చుబాయి, చాటలో బియ్యం చెరుగుతూ.
ఏరిన బియ్యంల రాళ్లు కలుపుత, అన్నాను.
లెక్కవెట్టి, నూటపదిహేడు.
అవుతలోళ్ల జల్లెడకు ఎన్ని దొరుకుతయో సూసెతందుకు.
ఆమె చెయ్యి ఆగింది.
"మరి దొరకని రాయి?"

పుణె నుంచి పెండ్సే మేడం మరాఠీలో రాసింది:
మూత తియ్యకుండా తీసిన నీ చీకటి ఫ్రేములు
మరీ శుభ్రంగా ఉన్నాయి.
అసలు చీకటి అలా ఉండదు.

బళ్లో చీకటిని మరాఠీలోనే నేర్చుకున్నాను,
అంధార్, అంధార్, పలక నిండా.
భయపడింది మాత్రం తెలుగులో.

ఆ రాత్రి వాన. ఎనభై శాతం దగ్గర కరెంటు పోయింది.
డాబా ఎక్కాను.
ప్రాణహిత వినిపిస్తోంది, కనిపించడం లేదు.
అవతలి ఒడ్డున తెలంగాణ కూడా ఆరిపోయింది.
వంతెన మీద ఒక లారీ
పొడుగ్గా గీత గీసి పోయింది.
ఆ తర్వాత, ఏమీ లేనిచోట,
నూకల్లాంటి వెలుగు కదిలింది.
కళ్లు మూశాను. ఆరలేదు.
అది నా కళ్లదే.
వెచ్చగా ఉన్నదేదీ ఊరికే ఉండదు,
చూడ్డానికేం లేకపోయినా కొంచెం చూస్తూనే ఉంటుంది.

రెండుంబావుకు కరెంటొచ్చింది.
డిటెక్టర్‌కు రెండు డిగ్రీల వెచ్చదనం ఇచ్చాను.
చీకటికి గరుకు పుట్టింది.
మేడం ఒక్క మాటే రాసింది: ఠీక్.

నాలుగోనాడు జల్లెడ లెక్క వచ్చింది.
"ఎన్ని దొరికినయ్?" లచ్చుబాయి మరిచిపోలేదు.
నూటపద్నాలుగు. మూడింటిని
చుక్కలనుకుని వదిలేసింది.
"పెద్దయా, చిన్నయా?"
చిన్నయే.
ఆమె చాట పక్కకు పెట్టి
దవడ ఒకసారి తడుముకుంది.
"చిన్నయే పన్ను ఇరగ్గొడ్తయ్."