పెడచెయ్యి

మొదటి ఆర్నెల్లూ తీగ ముట్టనివ్వలేదు.
ఉలీ సుత్తీ ఇచ్చి గోడ చూపించాడు అలాబి.
రెండు సుద్దగీతల నడుమ గాడి తవ్వాలి,
పైపు పట్టేంత. అంతే.
సాయంత్రానికి నా జడల నిండా సిమెంటు దుమ్ము.
మోకోలా బజారులో అకారా వడలమ్మే ఆవిడ
"ఏం ముసలమ్మా, ఎన్నిమ్మంటావు?" అనేది.
నాకప్పుడు పంతొమ్మిది.

ఒప్పందం కాగితం మీద మూడేళ్ళు.
మా మేనమామ సంతకం, అలాబి సంతకం,
సాక్షి, ఎదురుకొట్లో పంక్చర్లు వేసే బాషిరు.
కాగితంలో లేనివి: వ్యాన్ కడగడం, నీళ్ళు మొయ్యడం,
నిచ్చెన పట్టుకోవడం.
నిచ్చెన మాత్రం బాగా పట్టుకున్నాను.
కింద నిలబడి, పైనున్నవాడి పాదాలు చూస్తూ
చాలా నేర్చుకోవచ్చు.
భయమేస్తే మనిషి ముందు కాలివేళ్ళు ముడుస్తాడు.

గోడలకి చెవులుంటాయని ఊరంతా అంటుంది.
నరాలుంటాయని అలాబి అంటాడు.
కుడిచేతికి చిటికెనవేలు లేదాయనకి,
ఉంగరంవేలు సగమే.
ఒక్కసారే అడిగాను, ఎలా పోయిందని.
"చచ్చిన తీగే అన్నారు. నమ్మాను."
అని, నా చెయ్యి తిరగేసి వెనకవైపు తట్టాడు:
"ముట్టక తప్పకపోతే పెడచేత్తో ముట్టు.
అరచేతికి ఆశెక్కువ. పట్టేసుకుంటుంది.
పట్టుకున్నాక వదలడం దాని చేతిలో ఉండదు."

మూడో ఏడు, బొడిజాలో
మంత్రసాని ఒలురెమి కట్టించిన నాలుగు గదులు.
"నీవే, మొరెనికే" అన్నాడు. తాళాలిచ్చి పోయాడు.
పదకొండు దీపాలు, ఆరు ఫ్యాన్లు.
ఎరుపు, నలుపు, ఆకుపచ్చ,
నిద్రలో కూడా తీగలు ఒలుస్తూనే ఉన్నాను.
చివరి మర బిగించేసరికి ఊళ్ళో కరెంటు లేదు.
ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు.
పరీక్ష రాసి ఇచ్చాక
దిద్దేవాడు ఊరెళ్ళినట్టుంది.
అక్కడే తీగచుట్ట తలకింద పెట్టుకుని పడుకున్నాను.
పక్కగదిలో లాంతరు వెలుగులోనే
ఒక కాన్పు చేసింది ఒలురెమి.
ఏడుపు విని ఆడపిల్ల అనుకున్నాను. మగపిల్లాడట.

మూడో రాత్రి, రెండు దాటాక,
వీధి వీధంతా "అప్ నేపా!" అని అరిచింది.
కరెంటుకి ఇబాదాన్ చెప్పే స్వాగతం అది,
ముసలీ ముతకా, నిద్రకళ్ళ పిల్లలూ, అందరూ.
ఫ్యాన్లు మూలిగి తిరిగాయి. గోడలు తెల్లబడ్డాయి.
లెక్కపెట్టాను.
పది.

మళ్ళీ లెక్కపెట్టాను.

అలాబి ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో ఉన్నాడు,
చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని.
బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు.
వెనకగది చీకట్లోకి ఒకసారి చూసి
జేబులోంచి తన టెస్టరు తీసి ఇచ్చాడు.
పిడి మీద ఇరవయ్యేళ్ళ బొటనవేలి గుంట.
నా వేలు అందులో కుదురుకోలేదు.

నిచ్చెన వేసుకుని ఎక్కాను.
కింద ఎవరో పట్టుకున్నారు. తిరిగి చూడలేదు.
నాకు తెలుసు,
నా కాలివేళ్ళనే చూస్తున్నాడు.