మూడు గంటల మీద ఒక నిమిషం

విమానాశ్రయం పక్క ఊరు మాది.
చిన్న కోర్టు. ఒకప్పుడు
కంచె జరిపిన పక్కింటివాడూ
బాతును కరిచిన కుక్కా మా పెద్ద కేసులు.
ఇప్పుడు బీరువాల నిండా ఆలస్యాలే.
పొగమంచు ఒక కట్ట, సమ్మె ఒక కట్ట,
ఇంజనులో దూరిన పక్షి ఒక కట్ట.
వాటికి దారం చుట్టి నంబరు వేసే గుమాస్తాని నేను.

మంగళవారం, పదకొండింటి కేసు.
హైల్విగ్ బ్రోడర్సెన్, డెబ్భై ఒకటి.
ముప్పై రెండేళ్లు ఎల్బే నది మీద
రేవు పడవలో టికెట్లు చింపిన చేతులు.
పోర్తో నుంచి తిరిగొస్తోంది.
రాత్రి ఎనిమిదీ నలభైకి చేరాల్సిన విమానం
చక్రాలు ఆనించింది పదకొండూ ముప్పై ఆరుకి.

రెండు గంటల యాభై ఆరు నిమిషాలు, అన్నాడు కంపెనీ వకీలు.
కుర్రవాడు. కొత్త బూట్లు కిర్రుమంటున్నాయి.
మూడు గంటలు నిండితేనే కదా నాలుగు వందల యూరోలు,
నాలుగు నిమిషాలు తక్కువయ్యాయి మరి,
క్షమించాలి.

ఆవిడ నోటుబుక్కు తీసింది.
నీలం అట్ట, మూలలు నలిగి.
పడవ చేరిన టైము రాయడం పాత అలవాటట,
పింఛను మొదలైనా వేళ్లు మానలేదట.
"ఒడ్డుకి తగలడం చేరడం కాదు బాబూ.
పలక వేశాకే చేరినట్టు.
ఈ రెంటికీ మధ్యే
ఎంతమంది నీళ్లలో పడ్డారో నాకు తెలుసు."

చట్టమూ ఆ మాటే అంటుంది.
చేరడమంటే చక్రం కాదు, తలుపు.
ఒక్క తలుపైనా తెరుచుకుని
ఇక దిగవచ్చు అన్న క్షణం.
ఆ వాక్యం నేను కొన్ని వందలసార్లు టైపు చేశాను.
చదవడం మాత్రం ఆ రోజే.

ఆ అయిదు నిమిషాలూ
మెట్ల బండి రాలేదు.
సామాను అరల కింద మెడలు వంచుకుని
నూట నలభై మంది నడవలో నిలబడ్డారు,
ఒకరి సంచి ఇంకొకరి వీపులో.
వెనకెక్కడో ఒక పిల్ల, "వచ్చేశామా?" అంది.
తల్లి అవుననలేదు,
కాదనీ అనలేదు.

సాక్షి టెల్మో కింతెలా, స్టీవర్డు.
టైము గుర్తులేదన్నాడు. వాన గుర్తుంది.
తలుపు తోయగానే ముందు వరసలో ఒకావిడ
కళ్లు మూసుకుని గాలి పీల్చిందట,
మరుక్షణం వాచీ చూసిందట.
నోటుబుక్కులో ఆ పేజీ జడ్జి ముందుకెళ్లింది:
పదకొండూ నలభై ఒకటి.
పక్కన ఒకే మాట, చల్లగా.

వకీలు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.
"ఆ రాత్రి మీకు పోయిందేమిటి?
ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

జడ్జి ఓల్ట్‌మన్స్ పెన్ను ఎత్తింది.
ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదంది.
చెల్లెలి పెళ్లి తప్పినవాడికైనా
ఖాళీ ఇంటికి తాళం తీసుకునే మనిషికైనా
ఒకటే రేటు,
ఏడ్చి చూపించే పని లేదు.

అయినా ఆవిడ చెప్పింది.
"ఎవరూ చూడటం లేదు.
ఆలస్యమైందని కోప్పడే మనిషి పోయి తొమ్మిదేళ్లు.
గంటలు మాత్రం నావి.
వాళ్లు అడక్కుండా తీసుకున్నారు."

నేను టైపు చేయడం ఆపాను.
జడ్జి చూసి ఏమీ అనలేదు.

తీర్పు అర పేజీ.
నాలుగు వందలూ, పైన వడ్డీ, కోర్టు ఖర్చులు.
బయట వరండాలో అడిగాను, అడగకూడదు గానీ,
ఏం చేస్తారు డబ్బుతో అని.
చూరు గొట్టం కారుతోందంది.
నాలుగు వందలకు వస్తుందా, మీ ఊళ్లో మంచి పనివాడెవరైనా ఉన్నాడా అంది.
మా బావమరిది నంబరు రాసిచ్చాను.

కట్టకు దారం బిగిస్తుంటే
కిటికీ అద్దాలు సన్నగా వణికాయి.
కప్పుల మీదుగా కిందికి దిగుతోంది ఇంకొకటి,
చక్రాలు చాపుకుని,
లోపల అప్పుడే బెల్టులు విప్పుకుంటూ
వచ్చేశామనుకుంటున్న జనంతో.