కిరసనాయిలు

కనుమ మూసేశారు. అబానో మీద మోకాలి లోతు మంచు.
టూరిస్టులు లేరు, గొర్రెలు కూడా దిగిపోయాయి.
ఇక ఈ డెలికాని అమ్మేయాల్సిందే.

జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన బండి,
స్టీరింగ్ ఇప్పటికీ కుడివైపే.
ముందు సీటు పైకెత్తితే కిందే ఇంజన్,
పరుపు కింద దాచిన అప్పుకాగితంలా.

బ్రీదర్ గొట్టం ఊడదీశాను.
వంపు దగ్గర నల్లగా, చిక్కగా,
వేలు పెడితే రెండో కణుపు దాకా నూనె.
రింగులు అరిగాక
మంట సెగ పిస్టన్లని దాటి కిందికి జారుతుంది.
ఇంజన్ కడుపులో అది ఇమడదు,
నూనె తుంపరతో సహా పైకి తేన్చుతుంది.
ఆ తేన్పునే టర్బో మళ్లీ పీల్చుకుంటుంది.
ఏళ్ల తరబడి ఇదే. తన ఎంగిలి తనకే.

నాకు తెలుసు.
కొనేవాళ్లకి కూడా తెలియాలా?

రాత్రి కిరసనాయిలు పోసి కడిగాను,
మూడుసార్లు, సీసాలు తోమే బ్రష్షుతో,
గుడ్డ తెల్లగా వచ్చేదాకా.
వాసన పోవడానికి చివర్లో ఒక గ్లాసు చాచా,
మా ద్రాక్షపిప్పి సారా.
రెండో గ్లాసు నాకు.

పొద్దున్నే మ్జెకాల వచ్చింది.
గొర్రెతోలు తిత్తుల్లో చీజు మాగబెట్టి అమ్మే మనిషి.
టైర్లు చూడలేదు. రంగు చూడలేదు.
సీటెత్తమంది.
ఇంజన్ తిరుగుతుండగానే నూనె మూత విప్పి
ఆ రంధ్రం మీదే బోర్లా పెట్టింది.
ఎసరు పొంగే గిన్నె మీద పళ్లెంలా
మూత ఎగిరి ఎగిరి పడింది.
ఏమీ అనలేదు.

బండి ఆపించి
గొట్టంలో వేలు పెట్టింది, తీసింది,
వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
మరకే లేదు.

"షెతే, నీ నాలుక చూపించు."
చూపించాను.
"యాభై ఏళ్ల నోరు. పాచి ఉంది.
ఇరవై ఆరేళ్ల డీజిల్ గొంతు
పాలు తాగే పిల్ల నోరులా ఉందేం?"

నేను కనుమ వైపు చూశాను.
అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు.

"కాస్త జిడ్డు ఏ బండికైనా ఉంటుందయ్యా.
ఎంత ఉందో చూసి
ఇంకెన్నిసార్లు కొండెక్కుతుందో లెక్కేసుకునేదాన్ని.
నువ్వు లెక్కే తుడిచేశావు."

చెప్పిన ధరలో నాలుగొందల లారీలు తగ్గించింది.
"రింగులకా?" అన్నాను.
"రింగులు ఎవరికైనా అరుగుతాయి.
ఇది కిరసనాయిలుకి."

జూన్‌లో కనుమ తెరిచారు.
జారుడు మలుపు దగ్గర ఎదురైంది,
వెనకాల సన్నగా నీలం పొగ.
బండాపి, సీటెత్తి చూపించింది.
గొట్టం చివర పుల్లరేగు పచ్చడి సీసా కట్టుంది.
అడుగున నల్లటి నూనె.
సీసా మీద ఎర్రటి గోళ్లరంగుతో గీతలు:
జనవరి, మార్చి, మే.
గీతల మధ్య ఎడం
మరీ ఎక్కువేం లేదు.