అప్‌డేట్ వద్దు

ఏడు రోడ్ల జంక్షన్లో నా షాపు.
"రెండో ఎడమకి తిరగండి" అని ఏ మిషనైనా అంటే
ఇక్కడ నవ్వొస్తుంది.
ఎటు తిరిగి నిలబడ్డవాడి రెండో ఎడమ?

సీటు కవర్లు, హారన్లు,
నిమ్మకాయ వాసనొచ్చే చిన్న సీసాలు,
వాటితోపాటు పద్దెనిమిదేళ్లుగా
దారి చెప్పేవాటినీ బిగిస్తున్నాను.
ఏది మంచిదని రోజుకొకరైనా అడుగుతారు.
చెప్తాను, ఆ స్టూలు లాక్కోండి.

కారుతోపాటు పుట్టిందుంది చూశారూ,
డాష్‌బోర్డులో ఒదిగి, ఎండకి బెదరక,
అందంగా ఉంటుంది, కాదనను.
కంపెనీవాడు దాన్ని ఏ ఏడు నింపాడో
ఆ ఏటి లోకమే దానికి లోకం.
మొన్న డాక్టరమ్మగారి బండిలో
నాగావళి మీద కొత్త వంతెన దాటాం.
తెర మీద మా బాణం నట్టేట్లో ఉంది.
ఆవిడ స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు.
ఈత రాకపోయినా పర్లేదు మేడమ్, అన్నాను.
కొత్త మ్యాపుకి షోరూమువాడడిగే డబ్బుతో
రెండు టైర్లొస్తాయి.

ఫోనా? ఫోనుకి అన్నీ తెలుసు.
రణస్థలం దగ్గర లారీ అడ్డంపడితే
ఆ డ్రైవరు పెళ్లాం కంటే ముందే దానికి తెలుసు.
తెలుగూ వచ్చు, మన తెలుగు కాదనుకోండి,
"కుడివైపునకు మరలండి" అంటుంది
పీటల మీద కూర్చోబెట్టిన పంతులుగారిలా.
కానీ వైశాఖం ఎండలో అద్దం వెనక పెడితే
పెనం మీద మరిచిపోయిన అట్టు.
అత్తగారి ఫోనొచ్చిందా, మ్యాపు మాయం,
ఆ "బాగున్నారా"ల మధ్యే
తిరగాల్సిన మలుపు వెనక్కెళ్లిపోతుంది.
సీతంపేట దాటి కొండెక్కామా,
నీలం చుక్క ఆయాసపడ్డ మేకలా నిలబడిపోతుంది.
అక్కడ కొండచీపుళ్ల మోపు దించిన సవర ముసలమ్మ
గడ్డం ఎత్తి ఎటు చూపిస్తే అదే దారి.

మూడోది, రబ్బరు కప్పుతో అద్దానికి అతికే పెట్టె.
దాన్నిప్పుడెవరూ అడగరు.
వానాకాలం రాత్రుళ్లు టప్పున ఊడి
క్లచ్చు కింద పడేది,
అద్దం మీద గుండ్రటి మచ్చ మిగిలేది.
సిమ్మక్కర్లేదు, టవరక్కర్లేదు,
కాస్త ఆకాశం కనిపిస్తే చాలు దానికి.

కిందటి మంగళవారం, తవిటినాయుడట,
అలాంటిదొకటి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు,
హిరమండలం అవతల నుంచి రెండు బస్సులు మారి.
బండేదీ అన్నాను. "అమ్మీసినాను బావూ."
బ్యాటరీ ఉబ్బి మూత పగిలింది.
"బేటరీ మార్సు. ఏటవుతాది?"
ఆరువందల యాభై, అయినా దీని బదులు ఫోను...
"ఫోనున్నాది."
పోనీ మ్యాపు పాతబడింది, కొత్తది ఊరికే ఎక్కిస్తాను...
పెట్టె మీద అరచెయ్యి పెట్టేశాడు.
"అప్‌డేటు మాత్రం సెయ్యకు."

మార్చాను. గుమ్మం బయట ఎండలో పెడితే
పెట్టె చాలాసేపు పైకి వెతుక్కుంది.
అతను వేలితో జరుపుకుంటూ పోయాడు:
సరుబుజ్జిలి, హిరమండలం,
అక్కణ్నుంచి వెంట్రుకంత గీత,
మూడు మలుపులు, చివర ఒక పేరు.
జీలుగువలస.

నా ఫోను తీసి చూశాను.
ఆ చోట రిజర్వాయరు.
ఒక్క గీత లేదు, అంతా నీలం.

"గట్టు మీద నించుంటే
ముందుకెల్లి కుడికి తిరగమంటాది.
ఎన్నిసార్లైనా సెప్తాది, ఇసుక్కోదు.
ఊరి పేరు దొరసానిలాగ వంకరగా పలుకుతాది.
ఐనా పలుకుతాది."
కాసేపాగి, "ఆ కుడి పక్కనే మా కళ్లం," అన్నాడు.

మొత్తం డబ్బులూ తీసుకున్నాను.
తగ్గిస్తే ఊరుకునే మనిషిలా లేడు.
మెమరీ కార్డు సందు మీద నల్ల టేపు అంటించి
"అప్‌డేట్ వద్దు" అని రాయబోతే
టేపు మీద సిరా నిలవలేదు.
మనవలెవరైనా ముట్టుకుంటే చేతి మీద కొట్టండి, అన్నాను.

పెట్టె చంకలో పెట్టుకుని మెట్టు దిగి,
"కాంప్లెక్సుకి ఎటెల్లాలి బావూ?" అని అడిగాడు.
రెండో ఎడమ, అన్నాను.
తిన్నగానే వెళ్లాడు.

ఆఁ, ఇంతకీ మీది ఏ బండన్నారు?