ఆదివారం మీద నా అంచనా

పెందుర్తి నించి లారీ ఓనరు ఫోను:
"ఏటి అప్పలకొండా, ఏది కొడతాది?"

కొడతాదని నేను చెప్పను బాబూ.
నలభై ఏళ్ళలో ఆ మాట నా నోట రెండుసార్లొచ్చింది,
రెండుసార్లూ నేనే కుంటుకుంటూ ఇంటికొచ్చేను.
అడిగేరు కాబట్టి చూసింది చెప్తాను.
ఎక్కడా రాసుకోకండి.

కలెక్టర్.
చూడ్డానికి దొర. మెడెత్తితే
భీమిలి లైట్‌హౌసు ఓ అడుగు వెనక్కేస్తాది.
ఫొటో దిగమంటే దిగుతాది,
పరిగెత్తమంటే ఆలోచిస్తాది.
మంగమారిపేట ఒడ్డున వారం రోజులు తోలేను,
తెల్లారగట్ల, నీరు వెనక్కి లాగి
ఇసక రొట్టెపిండిలా బిగిసినప్పుడు.
మొదటి మూడొందల గజాలూ దానివే.
ఆ తర్వాత వల లాగేవాళ్ళ పాట వింటా
చెవులు అటు తిప్పి నిలబడిపోతాది.
తగరపువలస తీర్థంలో జనమెక్కువ, మైకులెక్కువ.
నాలుగోది వస్తే కొబ్బరికాయ కొట్టండి.

రెండోషిఫ్టు కథ వేరు.
స్టీల్‌ప్లాంటు లాలం తవిటయ్య గుర్రం అది.
డ్యూటీ లెక్కలో మేత పెట్టి పెట్టి
దాని ఒంట్లోనూ సైరను బిగించేసేడు.
మధ్యాన్నం రెండు దాటితే గానీ
దాని నరాల్లోకి నెత్తురు దిగదు.
పొద్దుట పందెమైతే దాన్ని మర్చిపోండి.
సాయంత్రమై, కాస్త మబ్బు పట్టి,
సముద్రపు గాలి వెనకనించి తోస్తే,
ఏమో.
ఆ "ఏమో" మీద పది రూపాయలు పెడతాను.
పదకొండు పెట్టను.

బొగ్గు.
మలక్‌పేటలో దానికి ఇంగ్లీషు పేరుండేదంట.
కాయితాలు పోయినప్పుడే అదీ పోయింది.
పోర్టు యార్డులో పుట్టినట్టుంటాదని మేమిలా పిలుస్తన్నాం.
నాలుగు కాళ్ళూ నికార్సయినవి.
ఊపిరే.
సగం దూరం దాటేక దాని గొంతులో ఈల మోగుతాది,
పాత ప్రెషర్ కుక్కర్లా, మెల్లగా.
మీకు వినపడదు, గట్టునుంటారు కదా.
దాని మీద కూచునే ఎర్రన్నాయుడికి ఇంటర్ పరీక్షలు.
వాళ్ళమ్మ పంపనంటంది.
నేనూ పంపమనను.

ఇంక గవ్వ.
మీరడిగింది దీని గురించేనని తెల్సు,
అందికే చివరికి పెట్టేను.
ఆర్కే బీచ్‌లో ఫొటోకి యాభై చొప్పున
జడల పిల్లల్నీ, ఏడ్చే పిల్లల్నీ మోసి
వీపు మీద బొచ్చు అరిగిపోయిన గవ్వ.
నేను కొన్నప్పుడు దానికి నడకొక్కటే తెల్సు.
పరుగు నేన్నేర్పలేదు బాబూ,
దాచుకున్నది బయటికి తీసింది.
ఈ జిల్లాలో ఈ ఏడు దాన్ని దాటే గుర్రం లేదు.
ఇదిగో, మూడోసారి అనేస్తన్నాను.

కానీ రాత్రి మేతేసినప్పుడు
ఎడం ముంగాలు పట్టుకున్నాను.
గిట్టకి నాలుగేళ్ళు పైన వేడి.
పెద్ద వేడి కాదు,
అప్పుడే ఎవరో లేచెళ్ళిన అరుగంత వేడి.
కుంటడం లేదు. డాక్టరొచ్చినా ఏం లేదంటాడు.
మీరొచ్చినా ఏం లేదంటారు.
డబ్బు కట్టేసేనంటన్నారు,
ముప్పై వేలంటన్నారు,
గుర్రం మీదా నాదా అంటన్నారు.
మీదే.
కాలు మట్టుకు నా చేతిలో ఉంది.

అందికే ఇక్కడున్నాను, తెల్లారకుండా,
గవ్వా నేనూ మోకాలిలోతు ఉప్పునీళ్ళలో.
కెరటం వచ్చి కాలికి చలవ చుట్టి
విప్పుకుని వెళ్ళిపోతంది, మళ్ళీ చుడతంది.
దూరంగా ఓడ ఒకటి లంగరు మీద,
దీపాలన్నీ వేసుకుని, ఎక్కడికీ కదలకుండా.
గవ్వ దాన్నే చూస్తంది.

జేబులో ఫోను మళ్ళీ మోగుతంది.
తడి చేతుల్తో ఎత్తకూడదని
మా ఆవిడ ఎప్పుడూ అంటాది.
నిజమే మరి.